మడిపాక్కంలో పాత ఇల్లు: అడ్వాన్స్ ఇచ్చేముందు నీళ్ళ సంగతి ఎలా తేల్చుకోవాలి?

గూడూరు_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది గూడూరు. ఉద్యోగం చెన్నై షోళింగనల్లూరులో, కాపురం పెరుంగుడిలో అద్దె ఇంట్లో. నాన్న రిటైరయ్యారు. అమ్మకు రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి, మెట్లెక్కడం కష్టం. ఇద్దరినీ మా దగ్గరే ఉంచుకోవాలని, కింద గదులున్న సొంత ఇంటి కోసం చూస్తున్నాం.

మడిపాక్కంలో ఒక ఇల్లు మా ఆవిడకీ నాకూ బాగా నచ్చింది. అర గ్రౌండుకు (1200 చదరపు అడుగులకు) కాస్త ఎక్కువ స్థలం, కింద రెండు బెడ్రూములు, పైన ఒకటి. కట్టి ఇరవై ఏళ్ళు కావస్తోంది. గుడి దగ్గర, కూరగాయల కొట్టు నడిచివెళ్ళేంత దూరం. తెలిసిన ఇంజనీరును తీసుకెళ్ళి చూపించాను. స్లాబు, పిల్లర్లు గట్టిగానే ఉన్నాయన్నారు. నీళ్ళ గురించి అడిగితే మాత్రం "చెన్నైలో ఎక్కడైనా అంతేనండీ" అని ఊరుకున్నారు.

ఓనరు రెండు మాటలు చెప్పారు. నీటి కరువొచ్చిన 2019 ఎండాకాలంలో కూడా బోరు ఎండలేదట. 2015 వరదల్లో నీళ్ళు గేటు దాకా వచ్చి ఆగాయట, గడప దాటలేదట. నిజమే కావచ్చు. కానీ కింది గదులకు మాత్రమే కొత్తగా రంగు వేశారు, పై గదికి పాత రంగే ఉంది. సంపు నిండా నీళ్ళున్నాయి, కొళాయి తిప్పితే ధారగా వస్తోంది. ఒక పూట చూసి వచ్చేవాడికి ఇంతకంటే ఏం తెలుస్తుంది? బ్రోకరేమో ఈ ఆదివారంలోగా టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేయమంటున్నాడు.

ఎండాకాలం నీటి కరువు, వానాకాలం ముంపు, ఈ రెండింటి గురించీ డబ్బు చేతులు మారకముందే మనంతట మనం ఏమేం చూసుకోవచ్చు? ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు ఎవరైనా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఓఎంఆర్_కాపురం:

ఇంటికి మళ్ళీ వెళ్ళేలోపు కూర్చున్నచోట చూడగలిగినవి కొన్ని చెబుతాను. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఆ స్థలం ఇల్లు కాకముందు పొలమా, చెరువు అంచా, నీళ్ళు పారే దారా అనేది చాలావరకు తెలుస్తుంది. యూట్యూబ్‌లో "మడిపాక్కం వెళ్ళం" అని తమిళంలో వెతకండి, వెళ్ళం అంటే వరద. 2015 డిసెంబరు, 2021 నవంబరు, 2023 డిసెంబరు వరదలప్పుడు ఆ వీధుల్లోని జనం తీసినవే బోలెడు ఉన్నాయి. వీధి బోర్డులు, కొట్ల పేర్లు కనిపిస్తాయి, మీ వీధి దొరికినా దొరకవచ్చు.

కాగితాల విషయం. ఈసీ, మూలపత్రాలు లాయరు చూస్తారు. మీరు సర్వే నంబరు తీసుకుని తమిళనాడు ప్రభుత్వ ఈ-సర్వీసెస్ సైటులో పట్టా, ఎ-రిజిస్టర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసి ఉండే రికార్డు), ఎఫ్ఎంబీ స్కెచ్ (స్థలం కొలతల పటం) చూడండి. టౌన్ సర్వే అయిన చోట టీఎస్ఎల్ఆర్ (పట్టణ భూముల రికార్డు) ఉంటుంది. మీ నంబరు ఒక్కటే చూసి తృప్తిపడొద్దు. ఆనుకుని ఉన్న నంబర్లు కూడా చూడండి. ఏరి (చెరువు), కుట్టై (కుంట), ఓడై (వాగు), వాయ్‌క్కాల్ (కాలువ) అని ఎక్కడైనా ఉంటే ఆ నీళ్ళకు అదే దారి. వాన వచ్చినప్పుడు ఆ దారి వెతుక్కుంటూ మీ కాంపౌండు దగ్గరికే వస్తాయి.

పుళుదివాక్కం_పద్మక్క:

బాబూ, నేను పుళుదివాక్కంలో ఇరవై ఏళ్ళకు పైగా ఉంటున్నాను. మీ ఇల్లు మా పక్క వార్డే అనుకోవచ్చు. అమ్మగారి మోకాళ్ళ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు మన వైపు నీళ్ళు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతాయో తెలుసుకోవాలి. సెంబాక్కం, నన్మంగళం, కీళ్‌కట్టళై, నారాయణపురం చెరువులు ఒకదాని తర్వాత ఒకటి నిండి పొర్లితే ఆ నీళ్ళన్నీ పళ్ళికరణై చిత్తడి నేలలోకే దిగాలి. అక్కణ్ణుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. ఆ చిత్తడి నేల ఒకప్పుడున్న దానిలో చిన్న ముక్కే మిగిలింది. 2022లో రామ్‌సార్ గుర్తింపు, అంటే ప్రపంచస్థాయిలో కాపాడాల్సిన చిత్తడి నేలన్న గుర్తింపు వచ్చింది, సంతోషమే, కానీ పోయిన నేల పోయినట్టే. అది నిండిపోయి, పైగా సముద్రం పోటు మీద ఉంటే, మన వీధిలో నీళ్ళకు పోయే చోటే ఉండదు. వాన వెలిసి ఎండ కాస్తున్నా నీళ్ళు కదలవు.

అందుకే ఓనర్ని మీరు అడిగిన ప్రశ్న సగమే. లోపలికి వచ్చాయా అని అడిగారు. ఎన్ని రోజులు నిలిచాయి, కరెంటు ఎన్ని రోజులు లేదు, వీధిలోకి పడవ వచ్చిందా, ఇవి అడగండి. 2023లో మిచాంగ్ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర. దాటకముందు డిసెంబరు 3, 4 తేదీల్లో చెన్నైలో చాలాచోట్ల 40 సెంటీమీటర్లకు పైన కురిసింది. అప్పుడు మా వీధి చివర ఒక ఇంట్లో నీళ్ళు గడప తొక్కలేదు. ఎత్తుగా కట్టుకున్నారు. కానీ ఆ ఇంటి పెద్దాయనకు డయాలసిస్ రోజు వచ్చింది. నడుములోతు నీళ్ళలో కుర్రాళ్ళు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళారు. ఇల్లు తడవలేదన్నది అబద్ధం కాదు. మీ అమ్మగారి విషయంలో నేను అడిగేది ఒకటే: ఆ వీధిలో నీళ్ళు నిలిచి ఉండగా ఆమెను బయటికి తీసుకురాగలరా?

ఇక సంపు. ఇల్లు కొనేవాళ్ళు దీన్ని పట్టించుకోరు, నాకైతే అన్నిటికంటే ముఖ్యం ఇదే. సంపు మూత కార్ షెడ్డు నేలకు సమానంగా ఉందా, పైకి కట్టు కట్టి ఉందా చూడండి. గడప ఎత్తు మూడడుగులు ఉండొచ్చు, మూత మాత్రం నేలమట్టానికే ఉంటుంది. వరదనీళ్ళలో డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకులు అన్నీ కలిసిపోతాయి. ఆ నీళ్ళు గేటు లోపలికి ఒక్క జానెడు వస్తే చాలు, సంపులోకి దిగుతాయి. చుట్టూ నీళ్ళే, తాగడానికి, కడుక్కోవడానికి చుక్క ఉండదు. తర్వాత తోడి పారబోసి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడరు వేసి, మళ్ళీ నింపుకునే దాకా ఆ ఇంట్లో బతకడం నరకం. ఓనరు "గేటు దాకా వచ్చింది" అన్నారు కదా, గేటుకీ సంపు మూతకీ మధ్య ఎన్ని అడుగులుందో, నేల ఎటు వాలుందో కొలవండి. మడిపాక్కం 2011లో కార్పొరేషన్‌లో కలిసింది. ఆ ఇంటికి డ్రైనేజీ కనెక్షన్ నిజంగా ఇచ్చారా, ఇంకా సెప్టిక్ ట్యాంకేనా, అయితే అది సంపుకీ బోరుకీ ఎంత దూరంలో ఉందో కూడా కనుక్కోండి.

ఇంట్లో నీళ్ళు వచ్చిన గుర్తులు రంగు వేసినా పూర్తిగా పోవు. తలుపు చట్రాల కింది భాగం నొక్కి చూడండి, నీళ్ళు తాగిన కర్ర ఉబ్బి మెత్తగా ఉంటుంది. వంటింటి అల్మారాల అడుగు పలక కొత్తదై, పై పలకలు పాతవైతే కారణం అడగండి. మీటరు బాక్సును పాత చోటు నుంచి పైకి జరిపిన మచ్చ ఉందా, ఇన్వర్టరు బ్యాటరీ మేడమీద పెట్టుకున్నారా, మోటారు స్టార్టరు ఎక్కడుందో చూడండి. మెట్ల కింద, బాత్రూము తలుపు వెనక రంగు సరిగా అందని మూలల్లో పెచ్చులూడి తెల్లటి ఉప్పు పొడి కనబడితే అక్కడ చెమ్మ ఉన్నట్టే. కింది గదులకే రంగు వేయడం తప్పని నేననను, అమ్ముకునేవాళ్ళు వేస్తారు. కానీ కాంపౌండు గోడ బయటి వైపు ఎవరూ రంగు వేయరు. ఆ గోడ, పక్కింటి గోడ, ఎదురుగా ఖాళీ స్థలం గోడ చూడండి. ఒకే ఎత్తులో గీత గీసినట్టు మరక ఉంటే ఓనర్ని అడగాల్సిన పనే లేదు.

రోడ్డు ఎత్తు మరవకండి. పాత తారు చెక్కకుండా మీదమీదే కొత్త తారు పోసుకుంటూ వచ్చిన వీధుల్లో రోడ్డు పెరిగింది, ఇళ్ళు కిందికి పోయాయి. గేటు నుంచి లోపలికి వాలుగా దిగాల్సి వస్తోందా? మేస్త్రీలు వాడే సన్నటి ట్యూబు తెప్పించి, నీళ్ళు నింపి, రోడ్డు నడిమధ్యకీ హాలు నేలకీ తేడా ఎంతుందో కొలిపించండి. అర్ధగంట పని. వీధిలో ఏ ఇంటినైనా జాకీలు పెట్టి పైకెత్తారేమో కూడా చూడండి. లక్షలు పోసి ఇల్లు ఎత్తించుకున్నవాడు ఊరికే ఆ పని చేసి ఉండడు.

చివరిగా, బ్రోకరు లేకుండా ఒక సాయంత్రం ఆ వీధిలో నడవండి. ఇస్త్రీ బండి ఆయన్ని, ఆవిన్ పాలబూతులో ఆమెని అడగండి. అద్దెకుండేవాళ్ళని తప్పక అడగండి, వాళ్ళకు ఇంటి ధర పడిపోతుందన్న భయం లేదు. తమిళం సరిగా రాకపోయినా ఫర్వాలేదు, వరద సంగతి ఎత్తితే వాళ్ళే చెయ్యి చాపి ఇంత ఎత్తు అని చూపిస్తారు.

గూడూరు_అబ్బాయి:

అక్కా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈరోజు ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళాను. సంపు మూత కార్ షెడ్డు నేలకు సమానంగానే ఉంది. షెడ్డు రోడ్డు కంటే కొంచెం పల్లంలో ఉంది. ఇన్వర్టరు పై గదిలోనే ఉంది, ఓనర్ని అడిగితే "కింద స్థలం చాలక" అన్నారు. మూలింట్లో అద్దెకుండే ఆమె 2023లో తన తొడ దాకా వచ్చాయని చూపించారు, ఎన్ని రోజులంటే "నాలుగైదు రోజులు" అన్నారు. కరెంటు కూడా అన్ని రోజులూ లేదట. ఎదురింటాయన మాత్రం అసలేమీ రాలేదన్నారు. ఆయన కూడా ఇల్లు అమ్మకానికి పెట్టారని తర్వాత తెలిసింది.

బోరు సంగతి ఎవరైనా చెప్పగలరా?

బోరుపని_చిత్తూరు:

అన్నా, మాది చిత్తూరు పక్క. మేడవాక్కం, తాంబరం వైపు బోర్లు, మోటార్లు, సంపుల పని చేస్తా ఉంటా. అక్క చెప్పిందంతా కరెక్టు. బోరు గురించి నేను చెప్తా.

మీరు ఏప్రిల్లో చూస్తా ఉండారు, అది మంచిదే. డిసెంబర్లో ఈ ఊర్లో ఏ బోరైనా బాగానే పోస్తాది.

ముందు కాంపౌండు గోడ బయట చూడండి. రోడ్డు వైపు గోడలోంచి ఒక రెండించుల పైపు ముక్క బయటికి పొడుచుకొని, దానికి మూత బిగించి ఉంటే అది లారీ గొట్టం తగిలించేదానికి. ఆ ఇంట్లో లారీ నీళ్ళు కొంటా ఉండారని అర్థం. చెన్నై నీటి సరఫరా సంస్థ మెట్రో వాటరు వాళ్ళ డయల్ ఫర్ వాటర్ లారీ అయితే రసీదు ఉంటాది, చూపించమనండి. ప్రైవేటు లారీ అయితే డ్రైవర్లకు ఏ ఇంటికి ఎన్నాళ్ళకొక లోడో బాగా గుర్తుంటాది, టీ కొట్టు దగ్గర కనుక్కోండి.

సంపు నిండుగా ఉందని నమ్మొద్దు. కొనేవాళ్ళు వస్తారంటే ముందురోజే నింపి పెట్టేవాళ్ళు ఉండారు. నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతుండాయో చూపించే టీడీఎస్ పెన్ను ఒకటి కొనుక్కోండి, చౌకే. సంపులో నీళ్ళు ఒకసారి చూడండి. తర్వాత బోరు మోటారు వేయించి, పైపు సంపులో పడే చోట నేరుగా పట్టి చూడండి. సంపులో 300, బోరులో 1400 ఉంటే సంపులో ఉండేది బోరు నీళ్ళు కాదు, ఎవరో పోసినవి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఓనరు మాట నిజం.

మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్ళు చూసి మురిసిపోవద్దు. రాత్రంతా బోరులో ఊరిన నీళ్ళు అవి. ఒక ఇరవై లీటర్ల బకెట్ పెట్టి నిండేదానికి ఎన్ని సెకన్లు పడతాదో రాసుకోండి. మోటారు ఆపకుండా రెండు గంటలు నడిపి మళ్ళీ అదే బకెట్ పెట్టండి. మొదట ముప్పై సెకన్లలో నిండింది తర్వాత రెండు నిమిషాలు తీసుకుంటే, లేదా మధ్యలో గాలి కొట్టి నీళ్ళు తెగితే, మేలో ఆ బోరు మీకు పనికిరాదు. నలుగురుండే ఇంటికి ఎంత కావాలో మీరే లెక్కేసుకోండి. ఓనరు రెండు గంటలు నడపనీయకపోతే అదే మీకు జవాబు.

పక్కింటి బోరు బాగుందంటే మనదీ బాగుంటాదని అనుకోవద్దు. వేళచ్చేరి, ఆదంబాక్కం, పల్లావరం వైపు కింద ఉండేది గట్టి రాయి, చార్నకైట్ అంటారు. పైన మట్టి, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద పగుళ్ళు. పగులు తగిలినోడికి నీళ్ళు, పది అడుగులు పక్కన వేసినోడికి దుమ్ము. అదే తిరువాన్మియూరు నుంచి ఈసీఆర్ (సముద్రం ఒడ్డు రోడ్డు) పొడవునా ఇసుక. అక్కడ నీళ్ళు పైనే దొరుకుతాయి కానీ ఉప్పు నీళ్ళ మీద మంచి నీళ్ళు నూనె మాదిరి తేలతా ఉంటాయి. మంచి నీళ్ళ మట్టం ఒక అడుగు పడితే కింద ఉప్పు దాదాపు నలభై అడుగులు పైకి వస్తాదని ఇంజనీర్లు లెక్క చెప్తారు. ఆ వైపు ఇల్లు చూసేవాళ్ళు క్లోరైడ్ టెస్టు చేయించకుండా అడుగు వేయొద్దు.

తెల్ల బకెట్లో బోరు నీళ్ళు పట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఎర్రగా మారి అడుగున తుప్పు పేరుకుంటే ఐరన్. గీజరు కాయిల్, షవరు తల విప్పి చూస్తే సున్నం ఎంత కట్టిందో తెలుస్తాది. ఇవి మన కంటికి తెలిసేవి. నైట్రేటు, క్రిములు తెలియవు, పెన్ను కూడా చూపించదు. వాటికి ల్యాబే గతి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, తమిళనాడు ప్రభుత్వ నీటి సంస్థ ట్వాడ్ బోర్డు ల్యాబులుండాయి, ల్యాబుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉండే ప్రైవేటువి కూడా ఉండాయి. రిపోర్టులో చూడాల్సిన లెక్కలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో: టీడీఎస్ 500 లోపు మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. హార్డ్‌నెస్ 200, గరిష్టంగా 600. క్లోరైడ్ 250, గరిష్టంగా 1000. నైట్రేటు 45 దాటకూడదు, దానికి సడలింపు లేదు. కోలిఫామ్ అనే క్రిములు అసలు ఉండకూడదు. సెప్టిక్ ట్యాంకు పక్కనే బోరుండే పాత ఇళ్ళలో నేను భయపడేది చివరి రెండింటికే.

2019ని గుర్తుపెట్టుకోండి. చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటాయి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. అప్పుడు నాకు పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్లే, బోరు లోతు చేయమని. మీ ఓనరు బోరు అప్పుడు కూడా ఎండలేదన్నాడు కదా, ఆ బోరు ఏ సంవత్సరం వేసిందో, ఎంత లోతో అడగండి. 2019 జూన్ తర్వాత కొత్తగా వేసిందైతే ఆ మాటకు విలువ లేదు.

వేళచ్చేరి_కొత్తవాడు:

ఇంత గొడవ ఎందుకు సార్, అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు కొనుక్కోండి. లిఫ్టుంటుంది, అమ్మగారికీ ఇబ్బంది ఉండదు.

పుళుదివాక్కం_పద్మక్క:

నాయనా, అదీ మంచి ఆలోచనే. కానీ లిఫ్టు గొయ్యిలో నీళ్ళు చేరితే లిఫ్టు ఆపేస్తారు. కరెంటు ప్యానెల్, జనరేటరు స్టిల్ట్‌లో (కింది పార్కింగ్‌లో) నేలమీదే ఉన్న బిల్డింగులు మన వైపు బోలెడు. అప్పుడు రెండో అంతస్తులో ఉన్న మోకాళ్ళ నొప్పి మనిషి దిగలేదు, ఎక్కలేదు. కాబట్టి ఫ్లాట్ చూసినా ఈ ప్రశ్నలే: ప్యానెల్ ఎంత ఎత్తులో ఉంది, 2023లో లిఫ్టు ఎన్నాళ్ళు ఆగింది, సంపు మూత ఎక్కడుంది. జవాబులు బాగుంటే నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఓఎంఆర్_కాపురం:

ఏది కొన్నా ఇన్సూరెన్స్ తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి. తుపాను, వరద నష్టం అందులో కవర్ అవుతుంది.

గూడూరు_అబ్బాయి:

ఆదివారం అడ్వాన్స్ ఇవ్వడం లేదని బ్రోకరుకు చెప్పేశాను. ఇల్లు వద్దనుకోలేదు. బోరు రెండు గంటలు నడపడానికి ఓనరు ఒప్పుకున్నారు, బోరు 2012లో వేసిందట, బిల్లు చూపిస్తామన్నారు. సంపు ఎత్తు పెంచడానికి, షెడ్డు నేల లేపడానికి ఖర్చెంతో మేస్త్రీతో లెక్క వేయించి అది ధరలో తగ్గించమని అడుగుతాను. ఆ నాలుగైదు రోజుల సంగతి మాత్రం నాన్నతో మాట్లాడాలి. వానాకాలం రెండు నెలలూ అమ్మను గూడూరులోనే ఉంచుతానంటే ఇల్లు కొనే ప్రయోజనమే పోతుంది. అది తేలకుండా ముందుకు వెళ్ళను. ఒక సందేహం: ల్యాబుకు నీళ్ళు ఓనరు పంపుతానన్నారు, సరేననవచ్చా?

బోరుపని_చిత్తూరు:

వద్దన్నా, మీరే పట్టండి. క్రిముల టెస్టుకు ల్యాబు వాళ్ళు స్టెరైల్ సీసా ఇస్తారు, దాన్ని లోపల తాకొద్దు, కడగొద్దు. రెండు గంటలు మోటారు నడిచాక, సంపులోంచి కాకుండా బోరు పైపు దగ్గరే పట్టండి. ఐస్ పెట్టిన డబ్బాలో ఉంచి ఆ రోజే ఇచ్చేయండి. శనివారం పెట్టుకుంటే ఫోన్ చేయండి, నేను మేడవాక్కంలోనే ఉంటా, వచ్చి మోటారు చూస్తా.

పుళుదివాక్కం_పద్మక్క:

శనివారం వస్తే మా ఇంటికి భోజనానికి రండి బాబూ, మీ ఆవిడని కూడా తీసుకురండి. మా వీధిలో ఎత్తించిన సంపులు రెండున్నాయి, చూపిస్తాను. మీ మేస్త్రీకి కొలతలు పనికొస్తాయి.